మచ్చ మిగలని ఆపరేషన్: రోగి అడిగేదేమిటి?

పొట్ట పైన కత్తి పెట్టకుండా పొట్టలోని జబ్బును తీసేసే పద్ధతిని మచ్చలేని శస్త్రచికిత్స అంటారు. నోటి గుండా గానీ, స్త్రీలకు యోని మార్గం గుండా గానీ, మలద్వారం గుండా గానీ పరికరాన్ని లోపలికి పంపుతారు. అక్కడ అవయవం గోడకు చిన్న రంధ్రం చేసి ఉదరకుహరంలోకి ప్రవేశిస్తారు. వైద్యులు దీన్ని పొడి అక్షరాల్లో ‘నోట్స్’ అంటారు. చర్మం మీద గాటు ఉండదు, కుట్టు ఉండదు. కోత మాత్రం లోపల ఉంటుంది. మచ్చలేని ఆపరేషన్ అంటే కోతలేని ఆపరేషన్ అని చాలామంది అనుకుంటారు గనుక ఈ సంగతి మొదటే తెలుసుకోవాలి.

దీనికి ఒక మెట్టు కింద ల్యాప్రోస్కోపీ ఉంది. బొడ్డు దగ్గర ఒకటి, మరో రెండు మూడు చోట్ల అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు దాకా రంధ్రాలు వేస్తారు. పొట్టను కార్బన్ డయాక్సైడ్ వాయువుతో ఉబ్బించి, సన్నటి కెమెరాతో లోపలి అవయవాలను తెర మీద చూస్తూ పనిచేస్తారు. పల్లెల్లో కొందరు దీన్నే ‘లేజర్ ఆపరేషన్’ అంటారు గానీ ఇందులో లేజర్‌తో పని లేదు. బొడ్డు ఒక్కచోటే గాటు పెట్టి అన్ని పరికరాలనూ అందులోంచే పంపే పద్ధతి మరొకటి. బొడ్డు పుట్టుకతో వచ్చిన మచ్చ కాబట్టి కొత్త గాటు ఆ మడతలోనే కలిసిపోతుంది.

నోట్స్ పద్ధతిలో మనిషికి తొలిసారి ఉండుకం తీసింది హైదరాబాద్‌లో. సోమాజిగూడలోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీలో డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి, డాక్టర్ జి.వి. రావు ఈ పని చేశారు. విశాఖపట్నంలో పుట్టి, కర్నూలు మెడికల్ కాలేజీలో చదివి, 2025లో పద్మవిభూషణ్ అందుకున్న నాగేశ్వర్ రెడ్డి పేరు తెలుగువారికి కొత్తది కాదు. ఆయన వైద్య జీవితంలో ఈ ఘట్టం గురించి మాత్రం బయట తెలిసింది తక్కువ. ఆ రోగికి ఉండుకం తీయాల్సి వచ్చింది. జనం 24 గంటల కడుపునొప్పి అనేది ఉండుకం వాపునే. అయితే పొట్ట మీది చర్మం తీవ్రంగా కాలి ఉంది. కాలి ముడుచుకుపోయిన చర్మాన్ని కోస్తే గాయం మానడం కష్టం. అందుకే పొట్టను తాకకుండా వెళ్లే దారి వెతికారు. ఎండోస్కోప్‌ను నోటి గుండా జీర్ణాశయంలోకి పంపి, దాని గోడకు రంధ్రం చేసి, ఉదరంలోకి వెళ్లి ఉండుకాన్ని తీశారు. 2004 ఫిబ్రవరిలో జైపూర్‌లో జరిగిన భారత జీర్ణకోశ ఎండోస్కోపీ వైద్యుల సంఘం 45వ వార్షిక సదస్సులో దీన్ని ప్రపంచానికి చూపించారు. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో ఆంథొనీ కల్లూ బృందం ఇదే దారిలో పందుల మీద చేసిన ప్రయోగాల పత్రం కూడా ఆ ఏడాదే అచ్చయింది. పందుల దశలో ఉన్న పని హైదరాబాద్‌లో మనిషికి అక్కరకు వచ్చింది.

ఈ కేసులో అందం ప్రస్తావనే లేదు. చర్మం కోతకు ఆగదు కాబట్టి వేరే దారి తొక్కారు. ‘మచ్చ లేదు’ అన్నది ప్రచార వాక్యంగా మారింది ఆ తర్వాతే. 2007 ఏప్రిల్ 2న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో జాక్ మారెస్కో బృందం ఒక మహిళకు యోని మార్గం గుండా పిత్తాశయం తీసింది. వార్త ప్రపంచమంతా పాకింది. 2008లో కోయంబత్తూరుకు చెందిన డాక్టర్ సి. పళనివేలు బృందం యోని మార్గం గుండా ఉండుకం తీసిన అనుభవాన్ని ప్రచురించింది. ఇకమీదట పొట్ట కోయాల్సిన పని ఉండదన్న ఆశ ఆ రెండు మూడేళ్లలో వైద్యుల్లోనే బలంగా కనిపించింది.

అది నెరవేరలేదు. లోపలికి వెళ్లడం కంటే బయటికి వచ్చేటప్పుడు తలుపు మూయడం కష్టమైంది. జీర్ణాశయం గోడకు చేసిన రంధ్రాన్ని ఎండోస్కోప్ కొసన ఉన్న క్లిప్పులతో మూయాలి. ఆ మూత వదులైతే ఆహారం, ఆమ్లం, సూక్ష్మక్రిములు ఉదరకుహరంలోకి కారతాయి. అలా వచ్చే వాపు ప్రాణాంతకం. నోటి నుంచి వెళ్లే పరికరానికి సూక్ష్మక్రిముల బెడద కూడా ఉంటుంది. పైగా ఎండోస్కోప్ మెత్తగా వంగే గొట్టం. అవయవాన్ని పట్టి లాగడానికి దానికి బలం చాలదు. ఇన్ని తిప్పలు పడి తప్పించేది ల్యాప్రోస్కోపీలో పడే సెంటీమీటరు గాట్లు మూడు నాలుగు. అవీ కొన్నేళ్లకు వెతికితే గానీ కనిపించవు. వైద్యులు వెనక్కి తగ్గడానికి ఈ లెక్కే ప్రధాన కారణం.

మరి రోగులు ఏమన్నారు? పాశ్చాత్య దేశాల్లో ఆ రోజుల్లోనే సర్వేలు జరిగాయి. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో బృందం 100 మంది మహిళలను అడిగి 2009లో ఫలితాలు ప్రచురించింది. యోని మార్గం గుండా ఆపరేషన్‌కు 68 శాతం మంది సుముఖంగా ఉన్నారు. కారణాలు చెప్పమంటే నొప్పి తక్కువని, తర్వాత హెర్నియా వచ్చే ముప్పు తక్కువని 90 శాతం పైగా చెప్పారు. మచ్చ ఉండదన్న కారణాన్ని పట్టించుకున్నది 39 శాతమే. వైద్యులు ఎక్కువగా ఊరించిన ఆకర్షణను రోగులు వెనక వరసలో పెట్టారన్నమాట. ఆస్ట్రేలియాలో అడిలైడ్ వైద్యులు 300 మందిని అడిగితే ఫలితం తిరగబడింది. నాలుగింట మూడు వంతుల మంది ఎటూ తేల్చుకోలేకపోయారు లేదా వద్దన్నారు. దాంపత్య జీవితం మీద ప్రభావం పడుతుందేమోనన్న భయం, ముఖ్యంగా పిల్లలు పుట్టని యువతుల్లో, గట్టిగా ఉంది. అడిగే చోటును బట్టి జవాబు మారుతుందనడానికి ఈ రెండు సర్వేలు చాలు. అడిగే తీరును బట్టి కూడా మారుతుంది. ప్రమాదం రెండు పద్ధతుల్లోనూ ఒకటే అని ముందే చెప్పి అడిగితే మచ్చలేనిదే కావాలంటారు. కొత్త పద్ధతిలో చిక్కులు కాస్త ఎక్కువ అని చెబితే ఆ ఇష్టం వెంటనే తగ్గుతుంది.

ఈ ప్రశ్నలను తెలంగాణలోని జగిత్యాల జిల్లా మల్లాపూర్ మండలంలోనో, కోరుట్ల, మెట్‌పల్లి వాడల్లోనో, సిరిసిల్ల నేతపేటలోనో అడిగితే జవాబులకు ముందు బతుకుదెరువు వస్తుంది. ఈ ప్రాంతపు ఆడవాళ్లలో చాలామంది బీడీలు చుడతారు. కాళ్లు మడిచి కూర్చుని, తునికాకు, తంబాకు ఉన్న చాట ఒడిలో పెట్టుకుని, వంగి గంటల తరబడి పనిచేస్తారు. పొత్తికడుపు మీద నిలువు కోత పడిన మనిషికి ఈ కూర్చోవడమే శిక్ష. చాట అంచు సరిగ్గా కుట్ల మీద ఆనుతుంది. వెయ్యి బీడీల లెక్కన కూలి వచ్చే చోట కూర్చోలేని రోజంటే కూలి రాని రోజు. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మీద నిలబడి పనిచేసే మగవాళ్లకూ, గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చి హెర్నియా ఆపరేషన్ చేయించుకునే వలస కార్మికులకూ ఇదే లెక్క. పిత్తాశయాన్ని పాత పద్ధతిలో పక్కటెముకల కింద పొడవుగా కోసి తీస్తే మళ్లీ బరువు పనికి నెలా నెలన్నర పట్టేది. ల్యాప్రోస్కోపీ అయితే ఒకటి రెండు రోజుల్లో ఇంటికి, ఒకటి రెండు వారాల్లో మామూలు పనికి. ఈ తేడా కోసమే ఇక్కడి జనం ‘చిన్న రంధ్రాల ఆపరేషన్’ అడుగుతారు.

మచ్చ గురించిన ఆందోళన లేదని కాదు. అది అందరిలో ఒకేలా ఉండదు. పెళ్లి కావాల్సిన బిడ్డకు ఉండుకం ఆపరేషన్ అంటే తల్లి మొదట అడిగేది ‘గాటు ఎంత పడుతుంది’ అనే. పొట్ట మీద మచ్చ చూసి పెద్ద ఆపరేషన్ అయిందేమో, పిల్లలు పుట్టరేమో అని అత్తవారు అనుమానిస్తారన్న భయం దాని వెనక ఉంటుంది. ఉండుకానికీ గర్భానికీ సంబంధం లేదని, మామూలుగా జరిగిన ఉండుకం ఆపరేషన్ సంతానానికి అడ్డు రాదని ఆ తల్లికి వైద్యుడు ఒక్క నిమిషం చెప్పగలిగితే సగం బరువు దిగుతుంది. ఇద్దరు పిల్లల తల్లికి మాత్రం మచ్చ కొత్త సంగతి కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019–21) ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ఇది రాష్ట్రాలన్నింటిలోకీ ఎక్కువ. జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలు 2016 దాకా భాగంగా ఉన్న కరీంనగర్ జిల్లా ఇందులోనూ ముందు వరసలో ఉంది. అప్పటికే పొట్ట మీద కోత ఉన్న స్త్రీకి కొత్త గాటు కనబడుతుందన్న చింత తక్కువే. పాత కోత వల్ల లోపల పేగులు అతుక్కుని ఉండే ప్రమాదం ఎక్కువ. ల్యాప్రోస్కోపీకి ఒప్పుకునే ముందు వైద్యుడికి ఆ పాత ఆపరేషన్ల చరిత్ర మొత్తం చెప్పాల్సింది అందుకే.

మెడ మీది మచ్చ వేరు. చీర కొంగుతో కప్పుకునే పొట్టకూ, నలుగురి కళ్లూ పడే గొంతుకూ పోలిక లేదు. గొంతు గడ్డ, అంటే థైరాయిడ్ తీసే ఆపరేషన్లలో మచ్చలేని పద్ధతికి నిజమైన గిరాకీ ఉన్నది ఇక్కడే. కింది పెదవి లోపలి వైపు గాట్లు పెట్టి, గదవ కింది నుంచి గొంతులోకి వెళ్లే పద్ధతిని థాయిలాండ్‌కు చెందిన ఆంగ్‌కూన్ అనువాంగ్ 2016లో తన తొలి 60 కేసులతో ప్రచురించారు. గడ్డ చిన్నదై, మెడ మీద మచ్చ పడటమే రోగికి పెద్ద బాధగా ఉన్నచోట ఇది అక్కరకు వస్తుంది. పెద్ద గడ్డలకు పాత కోతే దారి.

పల్లె స్త్రీలకు చిన్న రంధ్రాల శస్త్రచికిత్స పరిచయమైంది పెద్దాసుపత్రుల్లో కాదు, కుటుంబ నియంత్రణ శిబిరాల్లో. పొట్టకు రెండు చిన్న రంధ్రాలు వేసి, ల్యాప్రోస్కోప్‌తో ఫెలోపియన్ నాళాలకు సన్నటి రబ్బరు ఉంగరాలు తొడిగే డీపీఎల్ (డబుల్ పంక్చర్ ల్యాప్రోస్కోపీ) పద్ధతి దశాబ్దాలుగా సాగుతోంది. ఉదయం వెళ్లి సాయంత్రం ఇంటికి రావచ్చన్నదే దాని బలం. ఆ నమ్మకం 2022లో దెబ్బతింది. ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో 34 మందికి డీపీఎల్ చేస్తే, ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే నలుగురు చనిపోయారు. ఇన్‌ఫెక్షన్ సోకడమే కారణమని తేలింది. చనిపోయినవాళ్లు పసిపిల్లల తల్లులు. గాట్లు చిన్నవే. శుభ్రత, పరికరాలను క్రిమిరహితం చేయడం, ఒకరికీ మరొకరికీ మధ్య తీసుకోవాల్సిన సమయం, ఇంటికి పంపాక కనిపెట్టుకుని ఉండటం, ఇవి గాటు పొడవును బట్టి తగ్గించుకునే జాగ్రత్తలు కావు. ఈ ఘటన తర్వాత ‘చిన్న ఆపరేషనే కదా’ అన్న మాటకు పల్లెల్లో వెంటనే తలూపేవాళ్లు తగ్గితే అది తప్పు పట్టాల్సిన విషయం కాదు.

ఆపరేషన్ తర్వాతి రోజుల్లో పాత నమ్మకాలు, కొత్త పద్ధతి ఎదురుపడతాయి. చూడవచ్చిన చుట్టాలు మంచం దగ్గర కూర్చోగానే ‘కుట్లెన్ని పడ్డయ్ బిడ్డా?’ అని అడుగుతారు. కుట్ల లెక్కే ఆపరేషన్ బరువుకు కొలత. మూడంటే మూడు కుట్లు అనగానే పత్యం సడలుతుంది, నీళ్ల బిందె చేతికొస్తుంది. బయట మానినంత వేగంగా లోపల మానదు. పిత్తాశయం తీసిన చోట కాలేయం మీద పచ్చి ఉంటుంది. బొడ్డు రంధ్రంలో కండర పొర అతుక్కోవడానికి వారాలు పడుతుంది. తొందరపడి బరువులెత్తితే అక్కడే హెర్నియా దిగవచ్చు. దీనికి విరుద్ధమైన పత్యమూ ఉంది. పప్పు తింటే కుట్లు చీము పడతాయని, వంకాయ, పుంటికూర ముట్టొద్దని నెలల తరబడి చారన్నంతో గడిపిస్తారు. చీము పట్టించేది క్రిములు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. అవి పప్పులో, గుడ్డులో ఉన్నాయి. పప్పు మాన్పించడం మానే గాయాన్ని ఆకలితో మాడ్చడమే.

రెండో రోజు భుజం లాగుతోందని వచ్చే రోగి ఇంకో రకం. పొట్టలో ఆపరేషన్ చేస్తే భుజం ఎందుకు నొస్తుందని ఇంట్లోవాళ్లకు అనుమానం మొదలవుతుంది. మత్తు సూది వికటించిందని, గుండెకు ఏదో అయిందని హడలిపోతారు. పొట్ట ఉబ్బించడానికి వాడిన వాయువు కొంత మిగిలి ఊపిరితిత్తుల కింది పొరను, అంటే ఉదరవితానాన్ని రాపిడి చేస్తుంది. ఆ పొర నుంచీ భుజం నుంచీ వచ్చే నరాలు వెన్నుపాములో ఒకేచోట కలుస్తాయి. అందుకే నొప్పి భుజంలో తెలుస్తుంది. సాధారణంగా రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. ఊపిరాడకపోవడం, ఛాతీలో నొప్పి, జ్వరం, కడుపు ఉబ్బడం తోడైతే మాత్రం ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఈ నాలుగు మాటలు డిశ్చార్జి రోజున తెలుగులో చెబితే అనవసరపు భయం, అనవసరపు ప్రయాణం రెండూ తప్పుతాయి. మల్లాపూర్ నుంచి హైదరాబాద్ 200 కిలోమీటర్లకు పైగా దూరం.

తీసినదాన్ని కళ్లారా చూస్తే గానీ నమ్మకం కుదరని తీరు కూడా ఈ ప్రాంతంలో బలంగా ఉంది. పెద్ద కోత పెట్టిన రోజుల్లో ఆ కోతే సాక్ష్యం. ఇప్పుడు ఆపరేషన్ థియేటర్ తలుపు సగం తెరిచి, స్టీలు ట్రేలో ఉన్న పిత్తాశయాన్ని బంధువులకు చూపిస్తారు. రాళ్లను చిన్న సీసాలో వేసి చేతికిస్తారు. ఆ సీసా ఇంటికి వెళ్లి, వచ్చినవాళ్లందరికీ చూపే వస్తువవుతుంది. గాటు కనబడని చోట రోగి కుటుంబానికి రుజువు కావాలనిపించడం సహజం. వైద్యులు ఈ పద్ధతి పాటించడం మంచిదే.

చిన్న గాటు అన్నిసార్లూ మేలు కాదని చెప్పే రుజువులూ ఉన్నాయి. ల్యాప్రోస్కోపీ కొత్తగా వచ్చిన రోజుల్లో పిత్తాశయం తీసేటప్పుడు పిత్తనాళం దెబ్బతినే ప్రమాదం పాత పద్ధతి కంటే ఎక్కువగా కనిపించింది. వైద్యులకు చేయి తిరిగాక అది తగ్గింది. బొడ్డు ఒక్కచోటే గాటు పెట్టే పద్ధతిలో అక్కడ హెర్నియా వచ్చే అవకాశం కాస్త ఎక్కువని అనేక పరిశీలనల్లో తేలింది. అన్నిటికంటే పెద్ద హెచ్చరిక 2018లో వచ్చింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తొలి దశలో ఉన్న స్త్రీలను పొట్ట కోసి ఆపరేషన్ చేసిన గుంపుగా, చిన్న రంధ్రాలతో చేసిన గుంపుగా విడదీసి గమనించారు. నాలుగున్నరేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు కోత గుంపులో 96.5 శాతం, రంధ్రాల గుంపులో 86 శాతం. ఆ క్యాన్సర్ విషయంలో వైద్యలోకం మళ్లీ పాత కోతకు మరలింది. ‘కోయకుండా తీయలేరా డాక్టర్’ అని అడిగే రోగికి కొన్ని జబ్బుల్లో కోతే ప్రాణం కాపాడుతుందని చెప్పగలిగే వైద్యుడు కావాలి.

గర్భసంచి విషయం ఇంకా సున్నితమైనది. గాటు లేకుండా గర్భసంచిని కింది మార్గం గుండా తీయడం 19వ శతాబ్దం నుంచీ ఉన్న పద్ధతి. మచ్చలేని శస్త్రచికిత్సల్లో అన్నిటికంటే పాతది, నేటికీ నిలిచినది అదే. గర్భసంచి జారిన స్త్రీలకు అది సరైన చికిత్స. అయితే తెలంగాణలో 15–49 ఏళ్ల స్త్రీలలో సుమారు 8 శాతం మందికి ఇప్పటికే గర్భసంచి లేదు. దేశ సగటు 3 శాతం చిల్లర. తెల్లబట్టకో, అధిక రుతుస్రావానికో మందులతో తగ్గే అవకాశం ఉన్నా 30లలోనే తీయించుకున్నవాళ్లు పల్లెల్లో తరచుగా కనిపిస్తారు. అలాంటిచోట మచ్చ ఉండదు, మూడు రోజుల్లో ఇంటికెళ్లొచ్చు అన్న మాట ఆపరేషన్‌ను మరీ తేలిక చేస్తుంది. అండాశయాలు కూడా తీస్తే ఎముకల బలం, గుండె ఆరోగ్యం మీద పడే ప్రభావం గాటు పొడవును బట్టి తగ్గదు. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023లో రాష్ట్రాలను ఆదేశించింది.

డబ్బు కూడా ఎంపికను నిర్ణయిస్తుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితి తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి 10 లక్షలు. కార్డు చెల్లే ఆసుపత్రిలో ఏ పద్ధతి ఉంటే అదే చాలామందికి దక్కుతుంది. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు రావడంతో సర్జన్లు, మత్తు వైద్యులు ఇదివరకటి కంటే దగ్గరయ్యారు. నోట్స్ నుంచి పుట్టి నిలదొక్కుకున్న చికిత్సలు మాత్రం ఇంకా పెద్ద నగరాల్లోనే ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది ‘పోయమ్’. అన్నవాహిక కింది కండరం సడలక, మింగిన ముద్ద దిగక, తిన్నది గొంతులోకి ఎగదన్నే అకలేసియా జబ్బుకు ఇది మందు. జపాన్‌లో హరుహిరో ఇనోవే 2008లో మొదటిసారి మనిషికి చేశారు. నోటి గుండా ఎండోస్కోప్ పంపి, అన్నవాహిక లోపలి పొర కింద సొరంగం తవ్వి, బిగిసిన కండరాన్ని కోస్తారు. సొరంగం ముఖాన్ని క్లిప్పులతో మూస్తారు. నోట్స్‌ను దెబ్బతీసిన రంధ్రం మూసే చిక్కు ఇందులో చాలావరకు తీరింది. హైదరాబాద్‌లో ఈ చికిత్స ఇప్పుడు మామూలైంది. ఏళ్ల తరబడి గంజితో బతికిన రోగి ఆపరేషన్ తర్వాత కొద్ది రోజుల్లోనే అన్నం మింగగలిగినప్పుడు మచ్చ సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఆపరేషన్‌కు ముందు సంతకం పెట్టే కాగితం దగ్గర రోగి హక్కు గురించి ఇక్కడ తప్పక చెప్పాలి. చిన్న రంధ్రాలతో మొదలుపెట్టిన ఆపరేషన్‌ను మధ్యలో పొట్ట కోసి పూర్తి చేయాల్సి రావచ్చు. రక్తం ఆగకపోయినా, వాపుతో అవయవాలు గుర్తుపట్టలేనంతగా అతుక్కున్నా సర్జన్ ఆ నిర్ణయం తీసుకుంటాడు. ఇంటివాళ్లు దీన్ని వైద్యుడి ఓటమిగా చూస్తారు. చాలాసార్లు రోగి క్షేమం కోసం వేసిన సరైన అడుగు అదే. ఆ అవకాశం ఉందని ముందే చెప్పి, అంగీకార పత్రంలో రాసి ఉండాలి. చెప్పిన దానికి మించి చేయడం వేరు. జబ్బు కనుక్కోవడానికి ల్యాప్రోస్కోపీకి మాత్రమే ఒప్పుకున్న మహిళకు, ఆమె మత్తులో ఉండగా తల్లి సంతకంతో గర్భసంచి, అండాశయాలు తీసేసిన కేసులో అది చెల్లని అంగీకారమని 2008 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రాణాపాయం ముంచుకొస్తే తప్ప, తెలివి వచ్చాక తానే నిర్ణయించుకోగలిగిన మనిషి బదులు మరొకరి సంతకం చాలదు. కాగితం ఇంగ్లిష్‌లో ఉంటే తెలుగులో చదివి వినిపించమని అడగవచ్చు. ఏ పద్ధతి, ఎందుకు, ఈ సర్జన్ దాన్ని ఎన్నిసార్లు చేశాడు, కోత పెట్టాల్సి వస్తే ఏమవుతుంది, మళ్లీ చాట ముందు కూర్చునేదెప్పుడు, సాంచా ఎక్కేదెప్పుడు అన్నవి రోగి ఆ కాగితం మీద సంతకం పెట్టకముందే అడగాల్సిన ప్రశ్నలు.